మైల వేరు, మురికి వేరు

నా చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. నెల్లూరులో ఒక బట్టల షాపువాళ్లు పట్టుచీర కొంటే ఇచ్చే రకం. మందంగా, గట్టి పిడులతో ఉంటుంది. దాన్ని ఎక్కడ పడేయాలో తెలీక కృష్ణపట్నం ఇసుకలో పది నిమిషాలు అలాగే నిలబడిపోయా.

కాసేపటి క్రితం దాకా ఆ కవర్లో మా తాతయ్య ఉన్నాడు.

ఫిబ్రవరిలో పోయాడు. 84 ఏళ్లు. ముత్తుకూరు పక్కన నాలుగెకరాల మాగాణి చేసుకున్న మనిషి. కాశీ వద్దు, రామేశ్వరం వద్దు, పెన్న కూడా వద్దు, నన్ను కృష్ణపట్నంలోనే కలపండి అని ముందే చెప్పిపెట్టాడు. కండలేరు ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోటు అది. మూడో రోజు పొద్దున్నే నాన్న, బాబాయి, నేను, పంతులుగారు కారెక్కాం. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ.

చిన్నప్పుడు తాతయ్యే నన్ను ఇక్కడికి తీసుకొచ్చాడు. అప్పటికి పోర్టు లేదు. బస్సు దిగి నడిచాం. లైట్‌హౌస్, ఇసుక, పీతలు, నా కాలికి గుచ్చుకున్న ముల్లు... నాకు గుర్తున్నది అంతే. 2008లో పోర్టు మొదలైంది. తర్వాత థర్మల్ కరెంటు వచ్చింది. ఇప్పుడు ఒక్క దామోదరం సంజీవయ్య కేంద్రమే 2,400 మెగావాట్లు. ముత్తుకూరు దాటకముందే పొగగొట్టాలు కనిపిస్తాయి. మీకు మాత్రం ఈ ఊరి పేరు 2021 మే నెలతోనే గుర్తుండి ఉంటుంది. కరోనా మందు కోసం ఆనందయ్య ఇంటి ముందు కిలోమీటర్ల కొద్దీ జనం నిలబడ్డ ఊరు ఇదే.

నాన్న మోకాలి లోతు నీళ్లలోకి దిగి, తెల్లగుడ్డతో వాసెన కట్టిన మట్టికుండని వదిలాడు. అల వెనక్కి తోసింది. మళ్లీ వదిలాడు. మళ్లీ వచ్చింది. మూడోసారికి మునిగింది. "ఈయనెప్పుడూ ఇంతే, బస్సెక్కమన్నా మూడుసార్లు చెప్పాల" అన్నాడు బాబాయి. నాన్న నవ్వాడు. నవ్వి, ఏడ్చాడు.

ఇక మిగిలింది కవరు.

"అది కూడా నీళ్లలోనే వదిలెయ్ నాయనా. ఇంటికి తీసుకుపోకూడదు. మైల" అన్నారు పంతులుగారు.

"సముద్రం పాడవదా అండీ?"

"గంగమ్మకి మైలేంది నాయనా! అన్నీ ఆమెలో కలిసేవే గదా."

ఆయన చెడ్డవాడేం కాదు. ఎంతో ప్రేమగా అన్నారు ఆ మాట. కానీ ఆయన వెనకాలే అలల అంచున నాలాంటి మనవళ్లు ఎందరో వదిలిన కవర్లు తేలుతున్నాయి. దండల నైలాన్ దారాలు, ఒక థర్మాకోల్ పళ్లెం, ఎవరిదో లామినేషన్ ఫొటో.

అప్పుడు తట్టింది నాకు. మన భాషలో రెండు మాటలున్నాయి, మైల, మురికి. మైలకి లెక్కలున్నాయి. చావైతే పది రోజులు, పురుడైతే పదకొండు, గ్రహణమైతే విడిచేదాకా. ఎవరు ఎవర్ని తాకాలి, ఏ వాకిట ఆగాలి, ఏ నీళ్లు పోసుకుంటే పోతుంది అన్నీ మా అమ్మకి నోటికి వచ్చు. మురికికి అలాంటి లెక్క ఏ పంచాంగంలోనూ లేదు. గంగమ్మకి మైల అంటదు అంటే మురికి కూడా అంటదని మనమే కలిపేసుకున్నాం.

ఇది నా ఒక్కడి కనిపెట్టుడు కాదులెండి. కాశీలో పూజారుల్నీ, డ్రైనేజీ ఇంజినీర్లనీ ఏళ్ల తరబడి కలిసి మాట్లాడిన అమెరికన్ పరిశోధకురాలు కెల్లీ ఆలీ 2002లో ఒక పుస్తకమే రాసింది. గంగ పవిత్రత తగ్గదని నమ్మేవాళ్లకి, గంగ మురికైందని ఒప్పుకోవడం ఎంత కష్టమో అందులో ఉంది. కాశీ దాకా పోనక్కర్లేదు, కృష్ణపట్నంలోనూ అదే కథ.

కవరు మడిచి జేబులో పెట్టుకున్నా. పంతులుగారు చూసి చూడనట్టు ఊరుకున్నారు.

నాన్న, పంతులుగారు కార్లో వెళ్లిపోయారు. బాబాయికి ఇక్కడ పని ఉంది, నేనూ ఆగిపోయా. పోర్టుకి బాబాయివి రెండు లారీలు తిరుగుతాయి. ఆ డబ్బుతోనే నేను బీటెక్ చదివా. ఇక్కడి దుమ్ము గురించి ముందు ముందు ఏదైనా రాస్తే, అందులో మా ఇంటి టైర్లు లేపింది కూడా ఉందని గుర్తుపెట్టుకోండి.

బాబాయి బైక్ మీద ఊళ్లోకి వచ్చాం. ఇక్కడి శాసనాల్లో ఈ ఊరి పాత పేర్లు కొల్లితురై, గండగోపాలపట్నం. 13వ శతాబ్దంలో, మన తిక్కన నెల్లూరులో ఉన్న కాలంలో, ఇది తెలుగు చోడుల రేవు. ఓడల్లో వచ్చిపోయే సరుకు మీద గుడికి ఇంత వాటా ఇస్తామని వ్యాపారులు రాయించిన శాసనం కూడా ఉంది. అంటే ఇక్కడ రేవుకీ దేవుడికీ లెక్కాపత్రం కొత్తేమీ కాదు.

శివాలయం దగ్గర బైక్ ఆపి "నువ్వు లోపలికి రాకూడదు, నేనూ రాకూడదు. ఇక్కణ్ణుంచే దండం పెట్టుకో" అన్నాడు బాబాయి. మైల కదా. వాకిట నిలబడి చూస్తే రోడ్డు దుమ్ము సన్నగా ప్రహరీ మీద, మెట్ల మీద, ధ్వజస్తంభం దాకా పరుచుకుని ఉంది. దానికి మాత్రం ఎవరూ గడప దగ్గర ఆగమని చెప్పలా.

తర్వాత పట్టపుపాళెం వెళ్లాం. ఈ తీరంలో జాలర్ల ఊళ్లని అలా అంటారు. బాబాయికి తెలిసిన ఒక పెద్దాయన పడవ నీడలో కూర్చుని వల కుడుతున్నాడు. చేతిలో సూది ఆగకుండానే మాట్లాడాడు.

"వలలో తాబేలు పడితే ఏం చేస్తారు తాతా?"

"ఏం చేస్తాం అబ్బయ్యా, దేవుడు గదా. పసుపు నీళ్లు చల్లి, దండం పెట్టి వదిలేస్తాం."

"వల కొయ్యాల్సొస్తే?"

"కోస్తాం. ఇదిగో, కుట్టుకుంటాం."

ఆయన చెప్పేది ఆలివ్ రిడ్లే తాబేళ్ల గురించి. చలికాలం చివర్లో రాత్రిపూట ఇసుకలోకి వచ్చి, ఒక్కోటి వంద దాకా గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. పిల్లలు బయటికి రావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు. శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మంలో తాబేలు రూపంలో ఉన్న విష్ణువుకి గుడే ఉంది. ఇక్కడ గుడి లేదు కానీ వల కోసే చెయ్యి ఉంది. నాకు అదే పెద్ద పూజ అనిపించింది.

"మరి చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చేయి?"

పెద్దాయన సూదితో సముద్రం వైపు చూపించాడు. "అయి మా వలలు గావు. పెద్ద బోట్లయి."

తాబేలుకి మనలాగే ఊపిరితిత్తులుంటాయి, గాలి కోసం పైకి రావాలి. ట్రాల్ వలని గంటల తరబడి అడుగున లాగుతారు. పైకి తీసేసరికి ఊపిరాడక చచ్చిపోయి ఉంటుంది. అప్పుడు పసుపు నీళ్లు చల్లినా ఒకటే, చల్లకపోయినా ఒకటే. వలలోంచి తాబేలు తప్పించుకుపోయేలా ఒక చిన్న తలుపు పెట్టే ఏర్పాటు ఉంది, టెడ్ అంటారు. దాంట్లోంచి చేపలు కూడా పోతాయని బోట్లోళ్ల భయం. ఇంకో గొడవ కూడా ఉంది. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వెలుగు ఎటుంటే అటు పాకుతాయి. ఒకప్పుడు చీకటి తీరంలో వెలుగంటే సముద్రమే. ఇప్పుడు ఫ్లడ్‌లైట్ల వెలుగు సముద్రం కంటే ఎక్కువ. కూర్మావతారం కథ తెలిసిన మనమే ఆ లైట్ల కింద సెల్ఫీ దిగుతాం. నేనూ దిగా, రెండేళ్ల కిందట.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. 2025 నుంచి అర్హులైన ఒక్కో మత్స్యకార కుటుంబానికి ప్రభుత్వం 20 వేలు ఇస్తోంది. పాళేనికి సొంత కట్టుబాట్లు వేరే ఉన్నాయి. గంగమ్మ జాతర రోజుల్లో ఎవరూ వేటకి పోకూడదు, పోతే పెద్దమనుషుల ముందు తప్పు కట్టాలి.

"ఈ రెండిట్లో ఏది గట్టిది తాతా?"

"అమ్మోరిదే. గవర్నమెంటోళ్లు రాత్రుళ్లు చూడరు గదా."

మూడు నిమిషాలు నవ్వుకున్నాం. కానీ ఆలోచిస్తే, 61 రోజులు చూసేవాళ్లు లేకపోయినా ఎందుకు ఆగాలి అన్నదానికి జవాబు ఏ జీవోలోనూ ఉండదు.

ఈలోగా ఫోన్. ఇంటర్‌లో నా బెంచ్‌మేట్, తాతయ్య సంగతి తెలిసి చేశాడు. వాళ్లది తరతరాల బాప్టిస్టు కుటుంబం. నెల్లూరుకి అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లోనే వచ్చింది, శామ్యూల్ డే అనే ఆయనతో. పరామర్శ అయ్యాక అడిగా, నీకు బాప్తిస్మం ఎక్కడ ఇచ్చారురా అని.

"పెన్నలో. మా తమ్ముడికి మాత్రం చర్చిలోనే. తొట్టి కట్టించారు, టైల్స్ వేసి. బోరు నీళ్లు."

"ఎందుకు?"

"పెన్నలో దిగే చోటు యాడుంది? ఒక పక్క నీళ్లు లేవు, నీళ్లున్న పక్క డ్రైనేజీ."

బాప్టిస్టులకి మనిషి పూర్తిగా మునిగితేనే బాప్తిస్మం. చిలకరిస్తే చాలదు. అంత నీళ్లు కావాల్సిన మతం కూడా ఏరు పాడైతే ఏటిని బాగుచేయమని అడగలా, తొట్టిలోకి మారింది. వాళ్లనే అనడం ఎందుకు? వినాయకుణ్ణి మున్సిపాలిటీ ప్లాస్టిక్ తొట్టిలో ముంచేది మనమే. గంగాజలం సీసాలో పోస్ట్‌లో తెప్పించుకునేదీ మనమే.

నా ఫ్రెండ్ సండే స్కూల్లో పిల్లలకి పాఠాలు చెప్తాడు. ఆదికాండం మొదటి అధ్యాయంలో దేవుడు మనిషితో భూమిని లోబరుచుకోమంటాడు, రెండో అధ్యాయంలో తోటని సాగుచేసి కాపాడమంటాడు. 1967లో లిన్ వైట్ అనే చరిత్రకారుడు, ఇవాళ్టి పర్యావరణ సంక్షోభానికి ఆ మొదటి మాటని పట్టుకున్న పాశ్చాత్య క్రైస్తవమే మూలమని వ్యాసం రాస్తే పెద్ద దుమారం లేచింది. 2015లో పోప్ ఫ్రాన్సిస్ భూమిని మన అందరి ఇల్లు అంటూ ఏకంగా ఒక లేఖే విడుదల చేశాడు, 'లౌదాతో సీ' అని. మావాడికి ఇవన్నీ తెలుసు. "మా పాస్టరు గారు మొదటి అధ్యాయం చెప్తారు, నేను రెండోది చెప్తా. కోతపండక్కి అందరూ మొదటి పంట తెస్తారు గదా, గుమ్మడికాయలూ వడ్లూ. అప్పుడు పిల్లలకి ఈజీగా అర్థమైద్ది" అన్నాడు.

మధ్యాహ్నం ముత్తుకూరు రోడ్డు మీద టీ కొట్టు. మైల రోజుల్లో బయట ఏమీ తాగొద్దని అమ్మ చెప్పి పంపింది. బాబాయి వినలా, నేనూ వినలా. కొట్టు నడిపే భాయ్ మాకు టీ ఇచ్చి, జొహర్ నమాజుకి వజూ చేసుకోవడం మొదలుపెట్టాడు. పక్కన కుళాయి ఉంది. అయినా ఒక చిన్న చెంబు. చేతులు, నోరు, ముక్కు, మొహం, మోచేతులు, తల, పాదాలు, అన్నీ ఆ చెంబుడు నీళ్లతోనే అయిపోయాయి. నేను రోజూ పళ్లు తోముకోవడానికి పారబోసేది అంతకన్నా ఎక్కువ.

"పారే ఏటి ఒడ్డున కూర్చున్నా సరే, వజూకి నీళ్లు దుబారా చెయ్యకూడదని మా ప్రవక్త మాట" అన్నాడు.

"ఏ నీళ్లైనా పనికొస్తాయా భాయ్?"

"అట్టా ఎట్టా? మూడు చూడాల. రంగు, రుచి, వాసన. గలీజు కలిసి ఈ మూడిట్లో ఏది మారినా ఆ నీళ్లు పనికిరావు."

టీ గ్లాసు కింద పెట్టేశా. పొద్దున్నుంచీ నేను వెతుకుతున్నది ఇదే. వీళ్ల దగ్గర మురికికి లెక్క ఉంది! కళ్లతో, నాలుకతో, ముక్కుతో చేసే పరీక్ష. నీళ్లు పేరుకి ఎంత గొప్పవైనా వాసనొస్తే వజూకి పనికిరావు.

అంతలోనే మా ఊరి రొట్టెల పండగ గుర్తొచ్చింది. మొహర్రం రోజుల్లో నెల్లూరు బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో దిగి లక్షల మంది రొట్టెలు మార్చుకుంటారు. పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, ఇల్లు రొట్టె, ఈమధ్య వీసా రొట్టె కూడా. కోరిక తీరినోళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నోళ్లు తీసుకుంటారు. ఇచ్చే చెయ్యి ఏ మతందో ఎవరూ అడగరు. మా అమ్మ నా ఉద్యోగం కోసం తీసుకుంది, మరుసటేడు పోయి తిరిగిచ్చింది. నీళ్లు లేకుండా ఆ మొక్కు లేదు, చెరువులో దిగాల్సిందే.

"పండగ మర్నాడు చెరువు చూశారా భాయ్?"

భాయ్ తువ్వాలు తలకి చుట్టుకుంటూ నవ్వాడు. "అది మాత్రం అడగబాక."

1986లో ఇటలీలోని అసిసీ ఊళ్లో ఐదు మతాల పెద్దలు కలిసి ప్రకృతిని కాపాడటం మా ధర్మం అని ప్రకటనలు చేశారు. ప్రపంచ వన్యప్రాణి నిధి వాళ్లు పిలిచిన సభ అది. ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, చదవండి, బాగుంటాయి. నాకు మాత్రం ప్రకటనల మీద ఆసక్తి పోయింది. చెంబుడు నీళ్లు, కోసిన వల... ఇలాంటివి ఇంకేమైనా ఉన్నాయా అని చూడాలనిపించింది.

"మడకి పోదాం పద. ఇప్పుడు పాటు, నీళ్లు తీసేసి ఉంటాయి" అన్నాడు బాబాయి.

కండలేరు పాయల వెంబడి మడ చెట్లు ఇంకా మిగిలి ఉన్నాయి. నడుములోతు పొదల నుంచి మనిషిని దాటిన చెట్ల దాకా. బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచిన వేర్లు, చెట్టు ఊపిరి పీల్చుకునేది వాటితోనే. రొయ్యపిల్లలూ చేపపిల్లలూ పెరిగేది ఆ వేళ్ల సందుల్లో. 2004 సునామీ తర్వాత మడ విలువ ఏంటో తీరం మొత్తానికీ తెలిసింది.

కానీ మడకి దేవుడు లేడు. రావికి ఉన్నాడు, వేపకి ఉంది, జమ్మికి పండగే ఉంది. నెల్లూరు పేరే నెల్లి, అంటే ఉసిరి చెట్టు నుంచి వచ్చిందని చెప్పుకుంటాం, కార్తీకంలో ఆ చెట్టు కింద భోజనాలు చేస్తాం. వినాయకచవితికి 21 రకాల పత్రి. తాతయ్యకి ఆ 21 ఆకులూ తెలుసు. వాకుడు, వావిలి, ఉత్తరేణి, విష్ణుక్రాంత అంటూ గట్ల వెంట నన్ను తిప్పి కోయించేవాడు. నాకు ఏడు గుర్తున్నాయి. మిగతావి ఆయనతో పాటే పొద్దున నీళ్లలో కలిసిపోయాయి. ఆ 21లో కూడా మడాకు లేదు. చిదంబరంలో మాత్రం మడ జాతి చెట్టుకి గౌరవం దొరికింది. అక్కడి స్థలవృక్షం తిల్ల, ఆ ఊరి పాత పేరే తిల్లై. కానీ తిల్ల చెట్టుని ఇప్పుడు చూడాలంటే ఊరు దాటి పిచ్చావరం మడకి పోవాలి. పేరు గుళ్లో ఉండిపోయింది.

బురదలో ఒకావిడ వంగి ఉంది. యానాదులావిడ. చేతిలో కొన వంచిన ఇనుప చువ్వ. బొరియలో పెట్టి తిప్పి, లాగి, కాలితో తొక్కి పట్టి, మండపీతకి డెక్కలు కట్టేయడం, అంతా నేను ఫోన్ తీసేలోపే అయిపోయింది. నెల్లూరు జిల్లాలో యానాదులు లేని ఊరుండదు. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం కట్టేటప్పుడు అడవిలోంచి బయటికి వచ్చినవాళ్లూ వీళ్లే. అడవీ బురదా తెలిసినవాళ్లు కాబట్టి మడ గురించి గొప్ప మాటేదో చెప్తుందని ఆశపడి, గట్టు మీద నుంచే అడిగా.

"చిన్న పీతలు వదిలేస్తారా అక్కా?"

"వదిలేస్తా."

"దేవుడికా?"

"దేవుడేంది! కేజీకి రావు గదా."

బాబాయి పగలబడి నవ్వాడు.

"మరి గుడ్డు పీత?"

"దానికే రేటెక్కువ" అంది. ఒక క్షణం ఆగి, "కడుపుతో ఉండేదాన్ని పట్టాలంటే మా అమ్మ తిట్టేది. ఇప్పుడు పట్టకపోతే ఇంకోడు పడతాడు. నేను పట్టేది ఒకటీ రెండే" అంది. దానిమీద నా దగ్గర చెప్పడానికేమీ లేదు. బీటెక్ ఫీజు గుర్తొచ్చింది, అంతే.

ఆమె గట్టెక్కింది. బుట్ట నిండిపోయింది, రెండు పీతలు మిగిలిపోయాయి. నా జేబులోంచి తొంగి చూస్తున్న పిడుల్ని చూసింది.

"ఆ కవరు ఇయ్యి నాయనా, గట్టిగుండాదే."

"అది... వద్దక్కా. మా తాతయ్య అస్థికలు తెచ్చిన కవరు. మైల."

"ఐతే? కడుక్కుంటే పోద్ది గదా."

నా చేతిలోంచి తీసుకుని, తిరగేసి, పాయ నీళ్లలో రెండుసార్లు జాడించింది. మూలల్లో ఇంకా కాస్త బూడిద ఉన్నట్టుంది. తెల్లగా నీళ్లలోకి దిగి, మడ వేళ్ల మధ్యకి పోయింది. ఆమె చూడలేదు. రెండు పీతల్ని అందులో వేసి, పిడులు ముడేసి, బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది.

దార్లో బాబాయి ఏమీ అనలా. ముత్తుకూరు దాటాక మాత్రం బైక్ స్లో చేసి, "ఇది మీ అమ్మకి చెప్పబాక" అన్నాడు.

ఇంతవరకూ చెప్పలా.